అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసిన టీచరుగారు

బుధవారం ఉదయం హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉండగా టీచరుగారి తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క పోయిందండీ. తెల్లారేసరికి లేవలేదు" అన్నారు. నేను బయల్దేరింది ఆవిడ దగ్గరికే. రెండేళ్ల తరవాత మొదటిసారి.

ఆవిడ నాకు తొమ్మిదో తరగతిలో తెలుగు చెప్పారు. రిటైరయ్యాక మామిడి తోటల్లో కాయలు కోసే ఆడవాళ్ల జీవిత చరిత్రలు రాశారు. టీచరుగారిది మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. మా వైపు చర్చికి వెళ్లే ఇళ్లు చాలానే ఉన్నా, అలాంటిది అదొక్కటే. కాఫీ, టీ ముట్టరు. ఎవరింటికెళ్లినా మజ్జిగ అడిగి తాగేవారు. పూర్వీకుల పేర్లు రాసి దాచుకోవడం ఆ ఇంట్లో భక్తిలో భాగం. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు రాయబోతే ముత్తాత దగ్గరే పేర్లు ఆగిపోయాయట. "కూలికెళ్లినోళ్ల పేర్లు ఎవరు రాసుకుంటార్రా" అందట నాయనమ్మ. "ఆ మాట నన్ను వదల్లేదమ్మా" అనేవారు టీచరుగారు.

మా అమ్మ జీవితమూ రాశారు. ప్రతి ఆదివారం వచ్చి అమ్మ పక్కన నేలమీదే కూర్చునేవారు. అమ్మ మాట ఆపేస్తే తొందరపెట్టేవారు కాదు. అచ్చుకి ముందు నేను చదివాను. నాన్న అమ్మను కొట్టిన సంగతి ఒక పేజీ నిండా ఉంది.

"తీసెయ్యండి టీచర్. నాన్న లేడు. ఇప్పుడెందుకు?"

"తియ్యమని మీ అమ్మ చెప్పాలి."

"నేను కూతుర్నండీ."

"అవునమ్మా. కానీ ఆ బతుకు బతికింది ఆవిడ."

కోపంతో వాళ్లింటి నుంచి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. పుస్తకం వచ్చాక బీరువాలో పెట్టేశాను. అమ్మకు చదవడం రాదు.

పోయిన వారం అమ్మే అడిగింది, చదివి వినిపించమని. ఆ పేజీ దాటేశాను. "మధ్యలో ఏదో వదిలేశావు" అంది. చదివాను. కళ్లు మూసుకుని విని, మళ్లీ చదవమంది.

"నేను చెప్పింది చెప్పినట్టే రాసింది. ఎవరికీ చెప్పుకోలేనిది ఆవిడకి చెప్పుకున్నాను. వెళ్లి కనపడిరా."

ఫోన్ చేస్తే, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని టీచరుగారు అడగలేదు. "బుధవారం రామ్మా, ఇంట్లోనే ఉంటాను" అన్నారు. క్షమించమని ఎదురుగా అడుగుదామని ఫోన్లో అడగలేదు.

నేను వెళ్లేసరికి ఆవిడను తెల్లబట్టల్లో పడుకోబెట్టారు. కబురు విని మైలవరం వైపు తోటల నుంచి ఆడవాళ్లు కోత మధ్యలోనే వచ్చేశారు. చేతులకు మామిడి సొన అంటుకుని ఉంది. వాకిట్లో కుళాయి దగ్గర రుద్ది రుద్ది కడుక్కుంటున్నారు. ఎంతకీ వదలడం లేదు. ఆ సొన చేతులతో ఆవిడ తెల్లబట్ట ముట్టుకోవచ్చో లేదోనని, తడి చేతులు గాలిలో అలాగే పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడిపోయారు.