రోమన్ ఓడలో మా బావ

రోమన్ల కాలం గురించి బొమ్మల కథ గీయడం మొదలుపెట్టినప్పుడు నాకు తెలిసిన సముద్రం మా విశాఖ సముద్రమే. తెలిసిన నావికుడు మా అక్క మొగుడు ఒక్కడే. యారాడ నుంచి చేపల వేటకెళ్ళే బావని మధురవాడలో నా ఫ్లాటుకి పిలిచి, ఇల్లు తుడిచే కర్ర చేతికిచ్చి, సోఫాలో కూర్చోబెట్టి తెడ్డు వేయమన్నాను. యుద్ధనౌకలో తెడ్డు లాగే నా కథానాయకుడికి అలా బావ ముఖం వచ్చింది. మరి అతని పక్కన కూర్చునేవాళ్ళకి ముఖాలు ఎక్కణ్ణుంచి తేవాలి? బావ ఫోన్లో బోటు మీద అందరూ కలిసి దిగిన ఫోటో ఉంది. అది చూసి, అతనితో వేటకెళ్ళేవాళ్ళందరినీ కథలోకి దించేశాను. వారం వారం ఫోన్లో వచ్చే ఆ సీరియల్ని వాళ్ళు ఎగబడి చూసేవారు. ఇంతమంది తెడ్డేస్తే చేపలు పట్టేదెవడని బావ వేళాకోళం ఆడేవాడు.

మొన్న వానాకాలం చివర్లో వాళ్ళు వేటకెళ్ళాక అల్పపీడనం కాస్తా వాయుగుండమైంది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. మిగతా బోట్లు తిరిగొచ్చాయి, బావ వాళ్ళది రాలేదు. ఫోను కలవలేదు. నేను యారాడలో అక్క ఇంటికి పరుగెత్తాను. ఆ వారం భాగం ఇంకా పూర్తి కాలేదని బొమ్మలు గీసే టాబ్లెట్ కూడా పట్టుకెళ్ళాను. నాకు బుద్ధుండాలి.

అక్క చాప మీద కూర్చుని ప్రార్థన చేస్తోంది. పక్కన పొరుగింటి అమ్మాయి. పెళ్ళై ఏడాది కాలేదు, ఆమె భర్తా అదే బోటులో ఉన్నాడు. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు వదలడం లేదు. గాలికి పైకప్పు రేకులు కొట్టుకుంటున్నాయి. ఖాళీగా కూర్చుంటే పిచ్చెక్కేలా ఉందని ఓ మూల చేరి పని తీశాను. ఆ వారం కథలో తుఫానుకి ఓడ మునుగుతుంది, ఎవరూ మిగలరు. అది ఎప్పుడో అనుకున్న కథ.

మంచినీళ్ళు ఇవ్వడానికి వచ్చిన అక్క తెర వైపు చూసి నిలబడిపోయింది. నీళ్ళ కింద బావ ముఖం, కళ్ళు తెరుచుకుని ఉంది.

"మీ బావని సంపేసినావేట్రా?" అంది.

ఇది బొమ్మ, వీడెవడో రెండువేల ఏళ్ళ కిందటి రోమనుడు అన్నాను. నాకు కోపం కూడా వచ్చింది. ఎవరు చెబితే వాళ్ళ కోసం కథ మార్చేస్తానా?

"ముకం ఆయనదే కదా. పైకి తియ్యిరా. నీకు దండం పెడతాను."

దేవుణ్ణి తప్ప ఎవరినీ వేడుకోని మనిషి నాకు చేతులు జోడించింది. చెరిపేశాను. బావ తలని నీళ్ళ పైకి తెచ్చి, చేతి కింద ఒక చెక్క గీశాను. ఇలాంటివి నేను నమ్మను. అయినా చెక్క చాలదేమోనని ఇంకాస్త పెద్దది చేశాను. అక్క చూసి, తలూపి, వెళ్ళి మళ్ళీ ఆ అమ్మాయి పక్కన కూర్చుంది.

సాయంత్రానికి ఫోను మోగింది. ఇంజను పాడై పూడిమడక దగ్గర ఒడ్డెక్కారట, అందరూ క్షేమమట. పొరుగింటి అమ్మాయి అక్కని కావలించుకుని ఏడ్చింది.

మర్నాడు బావ వచ్చి, టీ తాగుతూ ఈ వారం కథ చూపించమన్నాడు. తన బొమ్మ చూసి నవ్వాడు. తర్వాత వేళ్ళతో పేజీని పెద్దది చేసి, నీళ్ళ కిందున్న ముఖాలని ఒక్కొక్కటే చూశాడు. నవ్వు పోయింది.

"మా ఓళ్ళందర్నీ ముంచేసి నన్నొక్కడ్నే ఉంచేవేటి బామ్మర్దీ?"

నేను నోరు తెరిచేలోపే పొయ్యి దగ్గర్నుంచి అక్క అందుకుంది.

"ఆడ్నేటీ అనకు. నానే అడిగేను. పక్కింటి పిల్ల మొగుడు కూడా నీళ్ళలో ఉన్నాడు, సూసేను. సూసి కూడా నీ ఒక్కడి కోసవే అడిగేను. అడిగి, ఎల్లి దాని సెయ్యే పట్టుకున్నాను."

బావ టీ గ్లాసు కింద పెట్టి, టాబ్లెట్ నా ఒళ్ళో పెట్టాడు.

"ముందు పక్కింటోడ్ని పైకి తియ్యి," అన్నాడు.