మూడో వేలు

హౌస్ సర్జన్లుగా ఉన్నప్పుడు మాకు తలా ఒక పిల్లనో పిల్లాడినో అప్పజెప్పారు. బడి మానేసి, ఏదో ఒక అలవాటులో పడినవాళ్ళు. ఆరు నెలలు తోడుండి ఆరోగ్యంగా బతకడం నేర్పాలి. నాకు ధర్మవరంలో పట్టుచీరలు నేసే పదహారేళ్ళ అమ్మాయి వచ్చింది. మగ్గంలో కూర్చున్నంతసేపూ వక్కపొడి ప్యాకెట్లు నములుతుంది. దాంతో నోరు బిగుసుకుపోతోంది. మామూలుగా ఎవరి మూడు వేళ్ళు వాళ్ళ నోట్లో నిలువుగా పట్టాలి. ఆ పిల్లకు మూడోది అప్పటికే కష్టం మీద దూరుతోంది.

నేను హిందూపురంలో అంగళ్ళ మధ్య పెరిగి, పలక కంటే ముందు బేరం పట్టినదాన్ని. ఒక్కసారిగా మానమంటే ఎవరూ మానరని, మెల్లగా దించాలని నా తెలివి. రోజుకెన్ని అని అడిగాను. పది అంది. అయిదు దగ్గర తెగుతుందని తెలిసే, రెండు అన్నాను. మూతి ముడిచింది. తొమ్మిదంది, ఎనిమిదంది, నమలకపోతే కూర్చోలేనని బతిమాలింది. చివరికి ఏడ్చినంత పని చేసి అయిదుకు దిగింది. పెనుకొండలో మా హౌస్ సర్జన్ల మీటింగులో లేచి ఇదంతా చెబితే చప్పట్లు కొట్టారు. నా పద్ధతి రాసివ్వమన్నారు. రాసిచ్చాను కూడా, రెండు పేజీలు.

మూడు నెలలకు మళ్ళీ చూస్తే మూడో వేలు దూరలేదు. సగానికి తగ్గించినా ఇట్లా ఎందుకయిందని నేను గొణుక్కుంటుంటే, దారం కండెలు చుడుతున్న వాళ్ళమ్మ తల తిప్పింది.

"అదెప్పుడూ అయిదే కదమ్మా వేసేది."

అమ్మాయి దారాల మీంచి చూపు ఎత్తలేదు. "నువ్వు బేరం చేసే మనిషివని మొదటినాడే తెలిసిపాయ అక్కా. అందుకే పది చెప్పినా. చీరకైనా అంతే కదా."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వుకు ఇంకా సిగ్గేసింది. నేను ఒక్క ప్యాకెట్టూ మాన్పించలేదు. అయిదు వేసుకోవచ్చని డాక్టరు నోటితో చెప్పి వచ్చాను, అంతే.

ఆ రోజు బేరం లేకుండా చెప్పాను, మొత్తం మానేయమని.

"మానేస్తే నోరు ముందట్లా తెరుచుకుంటాదా?" అనడిగింది.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మందులున్నాయని, కొంచెం సడలొచ్చని, ముందట్లా మాత్రం కాదని, ఇంకా మూసుకోకుండా ఆపడానికే మానమంటున్నానని చెప్పాను.

"అంతేనా అక్కా?"

అంతే అన్నాను.

 అమ్మాయి తెగిన దారం ముడేసి, వాళ్ళమ్మ వైపు తిరిగి, రేపట్నుంచి సంగటి ముద్దగా కాకుండా కొంచెం జారుగా చేయమని చెప్పింది.