ఎండాకుల కండక్టరు

మా మేనత్త ఉద్యోగంలో ఉన్నంతకాలం బస్సు కండక్టరు. రిటైరయ్యాక ఊళ్ళో అద్దెగది ఖాళీ చేసి అడవిలో కాపురం పెట్టింది. ఇల్లంటే ఒకటే గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. అందులో ఒకప్పుడు కలప డిపో కాపలాదారు ఉండేవాడట. చుట్టూ నేల శుభ్రంగా ఉంచే షరతు మీద అటవీశాఖ వాళ్ళు ఆవిడని ఉండనిచ్చారు.

ఒంటరి ఆడమనిషి అడవిలో ఎలా ఉంటుందని బంధువులెవరికీ నిద్ర పట్టలేదు. పట్టింది ఆవిడొక్కదానికే. మా వాళ్ళ బెంగ నాకు తెలుసు. వాళ్ళ కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఇంకొకరి కిటికీలోంచి చెట్టు కనబడితే అదేదో రోగంలా తోస్తుంది వాళ్ళకి.

ఆకురాలే కాలంలో ఫారెస్టు గార్డు వచ్చాడు.

"ఎండలు ముదరకముందే ఇంటి చుట్టూ ఎండాకన్నది కనబడకూడదమ్మా. నిప్పంటుకుంటే అడవే పోతుంది. వచ్చే నెల చూడ్డానికి వస్తా. బాగుంటే సరే, లేదంటే తాళంచెవి ఇచ్చెయ్యాలి."

అత్తయ్య చీపురు పట్టింది. ఊడ్చినకొద్దీ రాలుతూనే ఉన్నాయి. నడుం మీద చెయ్యి వేసుకుని చెట్ల మీద కేకలేసేది.

"అందరూ దిగేవాళ్ళేనా? ఎక్కేవాడు ఒక్కడూ లేడా?"

సామాను కళ్ళముందుంటే తప్ప ఆవిడకి నిశ్చింత ఉండదు. బస్సులో అబ్బిన అలవాటు. అదే కొంప ముంచింది. ఊడ్చిందంతా గుమ్మం పక్కనే గోడకి ఆనించి పోసింది. కుప్ప కిటికీ దాకా లేచింది.

అటుగా పోతున్న గార్డు చూసి సైకిలు దిగాడు.

"నిప్పు పాపం వెతుక్కోకుండా అంతా ఒక్కచోట చేర్చిపెట్టారా?"

"మరెక్కడ పొయ్యమంటావు నాయనా? నీ టోపీలోనా?"

"ఎక్కడైనా పొయ్యండి, గోడ పక్కన కాదు. కాల్చారంటే మాత్రం ఆ రోజే తాళం!"

ఈ కబురు తెలిసి మా నాన్న సంబరంగా బయల్దేరాడు. ఆయన దర్జీ. అక్కని వెనక్కి తెచ్చెయ్యడానికి ఇంత పెద్ద సంచీ కుట్టాడు. నేనూ వెంట వెళ్ళాను.

"సర్దుకో అక్కా. నీ పరుపు పట్టేలా కుట్టాను."

అత్తయ్య సంచీని అటూ ఇటూ తిప్పి చూసింది. "జిప్పు కూడా వేశావే! నా జాకెట్టుకి హుక్కు కుట్టరా అంటే ఏడాది తిప్పావు."

ఆవిడ గుమ్మంలో కూర్చుని చాలాసేపు ఆ కుప్ప వంకే చూసింది. తర్వాత చటుక్కున లేచింది.

"బస్సు నిండితే జనాన్ని దింపేస్తామట్రా? లోపలికి జరుపుతాం."

జరపడమంటే ఇదీ: గోడకి దూరంగా ఇంటి చుట్టూ కాలవ తవ్వడం, అందులో ఆకు తొక్కడం, వాగునీళ్ళతో తడిపి పైన మట్టి కప్పడం. తవ్వింది నాన్నా నేనూ. సూది పట్టే చేతికి గునపం ఇచ్చిందని నాన్న గొణుగుతూనే ఉన్నాడు.

"గొణుక్కోరా, ఎవరొద్దన్నారు? గొణుగుతూ తవ్వు," అంది ఆవిడ. మట్టి మీద తోటకూర విత్తనాలు చల్లింది. మేం వెళ్ళిపోయాక కూడా రోజూ రాలిన ఆకు రోజూ ఊడ్చి, మిగిలిన కాలవలో తొక్కి, వాగుకి బిందెతో తిరిగిందట.

గార్డు వస్తానన్న రోజుకి నాన్న మళ్ళీ అదే సంచీతో హాజరయ్యాడు. ఆశ చావలేదు. వెళ్ళి చూస్తే ఇంటి చుట్టూ పచ్చగా తోటకూర. కుప్ప జాడే లేదు.

గార్డు కర్రతో మట్టిలో పొడిచి చూశాడు. తడిమట్టి, దాంతోపాటు ఓ వానపాము పైకొచ్చాయి. ఇల్లంతా చుట్టి వచ్చాడు. ఎండాకు దొరకలేదు. సరిగ్గా అప్పుడే పైనుంచి ఒకటి రాలి ఆయన టోపీ మీద వాలింది.

అత్తయ్య కదల్లేదు. "అది నీ లగేజీ బాబూ, నాకు సంబంధం లేదు."

గార్డు పగలబడి నవ్వాడు. ఆకు తీసి జేబులో వేసుకుని, "తాళంచెవి మీ దగ్గరే ఉంచండమ్మా. ఓ కట్ట తోటకూర మాత్రం ఇప్పించండి," అన్నాడు.

ఆయనకి కట్ట దక్కింది. నాన్న సంచీ మొత్తం నిండింది. జిప్పు పడలేదు.

"పరుపు పట్టుకెళ్దామని వస్తే ఆకుకూర మోయిస్తోంది," అని నాన్న సణుగుతూ సంచీ తలకెత్తుకున్నాడు.

అత్తయ్య మంచం కిందనుంచి పాత విజిల్ తీసి గట్టిగా ఊదింది.

"రైట్! రైట్! పోనియ్!"