సుద్దముక్క గుర్తులు

ఆయన మా నాన్న తీసిన సినిమాలకు కో-డైరెక్టర్. మేం బాబాయ్ అనేవాళ్ళం. సెట్లో ఏ వస్తువు జరపాలన్నా ముందు దాని చుట్టూ సుద్దముక్కతో గీసేవారు, మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టడానికి.

నాన్న తన వీలునామా అమలు చేసే బాధ్యత ఆయనకే అప్పగించి పోయారు. జూబ్లీహిల్స్ ఇంట్లో సామాను పంచుకున్న రోజు, వీలునామా దాటి ఒక్క చెంచా కూడా ఇవ్వనన్నందుకు అన్నయ్య ఆయన్ని దొంగ అన్నాడు. నేను జాబితాలో నా పేరు ఎక్కడుందో చూసుకున్నాను.

నా వాటాకి నాన్న పడక్కుర్చీ వచ్చింది. ఎత్తబోతుంటే బాబాయ్ వంగి దాని కాళ్ళ చుట్టూ గీశారు.

"ఇంకెందుకు బాబాయ్?"

"మళ్ళీ పెట్టాల్సొస్తే తెలియాలి కదమ్మా."

తాళాలు అన్నయ్యకిచ్చి, నాన్న ఇంకా అక్కడే కూర్చున్నట్టు ఆ గుర్తుల పక్కనుంచి తప్పుకుని వెళ్ళిపోయారు.

నేను వాటి మీదుగానే నడిచాను.