పన్నెండు డాఫొడిల్ గడ్డలు

ఉల్లి సంగతి నాకు ఎవరూ నేర్పక్కర్లేదని ఇరవై రెండేళ్ల వయసులో నా గట్టి నమ్మకం. మాది శావల్యాపురం దగ్గర ఉల్లి పండించే ఇల్లు. అప్పట్లో నేను నరసరావుపేటలో ఒక మిషను బడికి పంతులమ్మని. బడి నడిపే దొరసానమ్మ బంగళాలోనే ఒక గదిలో ఉండేదాన్ని. నా నోరు కాస్త పెద్దదే, దాచుకోవడం దేనికి.

యుద్ధం ముగిసి ఓడలు మళ్ళీ సరిగా తిరగసాగిన ఏడు, ఆవిడకు ఇంగ్లండు నుంచి చెల్లెలు ఒక పెట్టె పంపింది. అందులో రంపపు పొట్టు మధ్య అచ్చం ఉల్లిగడ్డల్లాంటి పన్నెండు గడ్డలు. డాఫొడిల్ అనే పసుపుపచ్చ పూలవట, వాళ్లమ్మ తోటలోవి. ఆవిడ చూపు అప్పటికే సన్నగిల్లింది, పుస్తకం ముక్కుకు ఆనించుకుని చదివేది. ఇక చేసేదేమీ లేదని గుంటూరు డాక్టరు చెప్పేశాడు.

"ఈ చలికాలం దాటితే నాకు రంగులు తెలవవు అమ్మాయ్. ఆ పసుపు ఒక్కసారి చూడాల," అంది. ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉండి, ఆవిడ తెలుగు అచ్చం మా వాళ్ల తెలుగైపోయింది.

వానలు వెనకబట్టాక మడి మొదలుపెట్టాం. మా నల్లరేగడి తడిస్తే బంక, ఎండితే రాయి. గడ్డ అందులో కుళ్లిపోతుందన్న దాని మీద మాత్రం మా ఇద్దరికీ వాదన రాలేదు. మోకాలి లోతు తవ్వి, బండెడు వాగు ఇసుక, మాగిన పేడ ఎరువు కలిపి, మడిని జానెడు ఎత్తు లేపాను. పిడికిట పట్టి వదిలితే మట్టి పొడిపొడిగా రాలాలని ఆవిడ పట్టు. నేల మీద కూర్చుని పెళ్లలన్నీ తనే చేత్తో చిదిపింది.

నాటే సమయానికి ఆవిడకు వినుకొండలో రెండు రోజుల పని పడింది. "గడ్డకు మూడింతల లోతు, ముక్కు పైకి. అంతే," అని చెప్పి వెళ్లింది.

అంతేనా? మా ఇంట్లో విత్తనం కోసం ఉల్లిగడ్డ నాటేటప్పుడు పైన మూడో వంతు కోసేస్తారు. అప్పుడే మొలకలు దండిగా వస్తాయి. దొరసానులకు ఇవన్నీ ఏం తెలుసులే అనుకున్నాను. కత్తిపీట ముందేసుకుని పన్నెండింటికీ తలలు కోసి, కోసినచోట బూడిద అద్ది, ముచ్చటగా వరసల్లో నాటాను.

ఆవిడ తిరిగొచ్చి మడి చూసి మురిసిపోయింది. కాఫీ తాగుతూ అంది, "ఈ గడ్డలో వింత ఏందో తెలుసా? పువ్వు ఇప్పటికే లోపల తయారై ఉంటది. చిన్నప్పుడు మా అమ్మ ఒకటి నిలువునా కోసి చూపించింది."

నేను కోసిందేమిటో అప్పుడు తెలిసింది. చెప్పెయ్యాలి. చెప్పలేదు. అంత నోరున్న దాన్ని, ఆ ఒక్క మాట బయటికి రాలేదు.

నెల తిరిగేసరికి ఆకులు లేచాయి. కొసలన్నీ మొండిగా, కత్తెర వేసినట్టున్నాయి. ఆవిడ వేళ్లతో తడిమి, "ఇదేంది అమ్మాయ్?" అంది.

"మిడతలమ్మా. ఈ ఏడు చానా ఉన్నయి," అన్నాను.

"అట్టాగా," అని ఊరుకుంది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మడి దగ్గర నిలబడి, మొగ్గ కనపడిందా అని నన్నే అడిగేది. ఆ అడగడానికి నా ప్రాణం చచ్చిపోయేది. ప్రార్థనలో కూడా మొగ్గ ఇమ్మనే వేడుకున్నాను. కత్తిపీట సంగతి మాత్రం దేవుడి దగ్గర కూడా ఎత్తలేదు.

చలి తగ్గే రోజులొచ్చాయి. పదకొండు గడ్డలు ఒట్టి ఆకులతో ఆగిపోయాయి. ఒక్కదానికి కాడ లేచింది. ఒక ఉదయం అది విచ్చుకుంది. చూస్తే రేకులన్నీ సగానికి తెగి ఉన్నాయి, మధ్యలో గిన్నెలాంటి దాని అంచు కూడా. పసుపు మాత్రం, అబ్బ! మా తంగేడు పువ్వు దాని ముందు దిగదుడుపే.

ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని, పువ్వుకు ముఖం ఆనించేంత దగ్గరగా వంగింది.

"పసుపు తెలుస్తా ఉంది," అంది. "పువ్వు నిండుగా ఉందా?"

"నిండుగా ఉందమ్మా."

ఆవిడ చూపుడు వేలు రేకు అంచు వెంట మెల్లగా పోయింది. ఒక రేకు, ఇంకో రేకు, మధ్యలో గిన్నె. చుట్టూ తిరిగొచ్చి ఆగింది.

"మీ ఊరి మిడతలు చానా నున్నగా కోస్తయ్," అంది.

మడి గట్టు మీద అలాగే కూలబడి భోరుమన్నాను. ఉల్లి, కత్తిపీట, బూడిద, అన్నీ కక్కేశాను. ఆవిడ పువ్వు మీంచి ముఖం ఎత్తలేదు.

"ఆకులప్పుడే తెలుసు. నువ్వే చెప్తావని చూశా," అంది. నా ఏడుపు ఇంకా ఎక్కువైంది. అప్పుడు తల తిప్పకుండానే నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఊరుకో అమ్మాయ్. ఏడవటానికి చానా రోజులుంటయ్. ముందు నన్ను చూడనీ."