యారాలికి బైపాస్, నాకు గోలీలు

తొంభైల మొదట్లో ఒకరోజు కామారెడ్డిలో మా ఇంటి ముందర బీడీలు చుడుతున్నాను. దారం కట్టబోతే కుడిచేతి వేళ్లు మాట వినలేదు. పావుగంటకు మామూలైంది. చాయ్ తాగి మళ్లీ పనిలో పడ్డాను.

వారంలోనే ఆ తిమ్మిరి రెండోసారి వచ్చేసరికి మా ఆయన హైదరాబాద్ తీసుకెళ్లాడు. సీటీ స్కాన్, యాంజియోగ్రామ్ అయ్యాక డాక్టరు, "మెడలో ఎడమ కెరోటిడ్, అంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం, బ్లాక్ అయింది. ఆపరేషన్ వద్దు. ఆస్పిరిన్ రోజూ వేసుకో, ఆపొద్దు," అన్నారు.

అంతకు ఆరునెలల ముందే ఎల్లారెడ్డిలో ఉండే మా యారాలు, అంటే మా మరిది భార్య సుజాతకు, హైదరాబాద్‌లో అదే ఆస్పత్రిలో మెదడుకు బైపాస్ చేశారు. తలతోలులోని రక్తనాళాన్ని పుర్రె లోపలి నాళానికి కుట్టారట. పిట్లం నుంచి కూడా చుట్టాలు చూడవచ్చారు. ఆ నాళం ఉన్న చోట, ఆమె చెవికి పైన వేలు పెట్టి, "కొట్టుకుంటున్నది సూడు," అని మురిసిపోయారు. మా అత్త కోడిని కోయించింది. నా వంతు వచ్చేసరికి మాత్రం, "గోలీలతోని పోయేదే కద," అంది.

నాకు కడుపు మండిపోయింది. ఆమెది రోగం, నాది వేషమా? నాకెందుకు చేయలేదని డాక్టరును అడగడానికి నామోషీ. గోలీలు మానేస్తే తిమ్మిరి మళ్లీ వస్తుంది, అప్పుడు వాళ్లే తల కోస్తారు అనుకున్నాను. రోజూ గోలీని బీడీలు చుట్టే తునికాకు చెత్తలో పారేశాను.

ఇరవై రోజులకు మూతి వంకరపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. మళ్లీ హైదరాబాద్ తీసుకెళ్తే గోలీలు మానేశానని ఒప్పుకున్నాను.

"ఎవరు ఆపమన్నారమ్మా?" అన్నారు డాక్టరు. ఏడుస్తూ, వచ్చీరాని మాటలతో అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఒకప్పుడు నీలాంటి బ్లాక్‌కు కూడా బైపాస్ చేసేవాళ్లు. మందులకన్నా మేలు లేదని తర్వాత తేలింది. సుజాతది మొయామొయా. మెదడుకు వెళ్లే నాళాలే సన్నబడిపోయే జబ్బు. దానికి పనికొస్తుంది," అన్నారు.

ఫిజియోథెరపీతో మూతి సరైంది. కుడిచేత్తో గ్లాసు పట్టుకుంటాను గానీ బీడీకి దారం కట్టలేను. సుజాత వచ్చినప్పుడల్లా నాకు జడ వేస్తుంది. ఆడుతున్న ఆమె రెండు చేతులు చూసి ఇప్పటికీ కుళ్లుకుంటాను. ఒకసారి ఆ మాట ఆమెతోనే అనేశాను.

"నీ తల కొయ్యలేదని నేను గూడ కుళ్లుకున్న అక్కా," అంది.

మీకు చెప్పేది ఒక్కటే. పక్కవాళ్లకు చేసింది మీకు చేయకపోతే ఎందుకని డాక్టరునే అడగండి, సిగ్గుపడకండి. ఆ ఒక్క మాట అడగలేక నా కుడిచేతి పనితనం పోగొట్టుకున్నాను.