రొట్టె మీద పెట్టిన కాగితం

కనుమ దిగుతుంటే దారికి అడ్డంగా ఒక గుర్రం, దానితో వాదిస్తూ ఒక మనిషి కనిపించారు. గుర్రం కదలనంటోంది. అతను కోపం లేకుండా, వేళ్లు ముడుస్తూ కారణాలు చెబుతున్నాడు. గుర్రాల గురించి మూడు భాషల్లో చదివాను గాని, వాటికి చట్టం బోధించేవాణ్ణి చూడడం అదే మొదలు.

"నెగ్గుతున్నావా?" అన్నాను.

"వాయిదా పడింది, అక్సకాల్. ఇక దీన్ని లాక్కుంటూ నడకే. పచ్చిక ఒప్పందానికి మీరూ రండి, సాక్షిగా ఉందురు," అన్నాడు నా తెల్లగడ్డానికి మర్యాదగా.

అతను టోలోగోన్. బిష్కెక్‌లో పన్నెండేళ్లు వకీలుగా చేసి, తన గదికి కిటికీ లేదని ఆ పని మానేసి, పట్నం వాళ్లను గుర్రాల మీద కొండలు తిప్పే వ్యాపారం పెట్టాడు. ఈ వసంతంలో అతను పోయాడని తెలిసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ వాదనే.

ఆ రోజు అతని బతుకు పెద్దావిడ బురుల్చా ఆపా చేతిలో ఉంది. వారంలో మొదటి అతిథులు వస్తున్నారు. డేరాలు వేయడానికి ఊటనీళ్లున్న పచ్చిక ఆవిడదొక్కటే. ఆవిడ కాదంటే మళ్లీ ఆ కిటికీ లేని గదే.

తన గుడారంలో మేం కూర్చోగానే ఆపా పులిసిన గుర్రపు పాలు పోసి, రొట్టెలు పరిచింది. టోలోగోన్ గిన్నె పక్కకు జరిపి, పదకొండు పేజీల ఒప్పందం తీసి, చోటు లేక రొట్టె మీదే పెట్టాడు.

మా దగ్గర రొట్టె మీద ఏదీ పెట్టకూడదని పసిపిల్లలకూ తెలుసు.

"నీ కాగితానికి ఆకలేస్తోందా, నాయనా?" అంది ఆపా.

అతను కాగితాలు లాక్కుని, రొట్టెను నుదుటికి ఆనించుకున్నాడు. "తప్పయింది ఆపా. పట్నంలో ఉండి ఉండి..."

"పట్నంలో రొట్టె దొరకదా? సర్లే. నువ్వు మాట తప్పి రాకపోతే ఏంటో రాశావా అందులో?"

"ఐదో పేజీలో ఉంది. జరిమానా."

"మరి వస్తే?"

పాపం, పదకొండు పేజీలూ తిరగేశాడు.

"లేదు కదా! ఆ రొట్టె ఓసారి కొరికి మిగతాది ఇలా ఇవ్వు."

దూరం పోయేవాడు కొరికిన రొట్టెను మావాళ్లు దాచి ఉంచుతారు, వాటా మిగిలినవాడు తిరిగొస్తాడని. అతను కొరికిచ్చినదాన్ని ఆపా గుడ్డలో చుట్టి గుడారపు కర్రలకు వేలాడదీసింది.

"ఇక వచ్చి వేసుకో నీ డేరాలు," అంది.

కృతజ్ఞతల ఉపన్యాసం అరగంటకు తక్కువుండదని నేను వీపు ఆనించి కూర్చున్నాను. అతను నోరు తెరిచాడు. వేలాడుతున్న మూటను చూశాడు. నోరు మూసుకున్నాడు. బయటికెళ్లి కళ్లెం అందుకుని, వెళ్లొస్తానని కూడా అనకుండా కొండకేసి నడిచాడు. ఈసారి గుర్రం ఏ అభ్యంతరమూ చెప్పలేదు.